తోక కార్డు ఎవరికొచ్చింది?

డిసెంబర్ 31 రాత్రి పదకొండున్నర. మా మందిరంలో కొత్త సున్నం వాసన, కొత్త చీరల గంజి వాసన, బయట డేగిసాలో ఉడుకుతున్న బిర్యానీ వాసన. స్టీలు పళ్ళెం ఒకటి వరస వెంట వరస తిరుగుతోంది. అందులో ఉన్నవి కానుకలు కావు, వాగ్దాన కార్డులు. ఒక మూల గులాబీ, ఒక మూల పావురం, మధ్యలో వచనం. కళ్ళు మూసుకుని, ప్రార్థన చేసుకుని, ఒకటి తీసుకోవాలి. రాబోయే ఏడాదంతా దేవుడు మనతో మాట్లాడేది ఆ కార్డులోనే. నేనూ కళ్ళు మూసుకున్నాను. పూర్తిగా మూశానని మాత్రం ప్రమాణం చెయ్యలేను. వచ్చింది ద్వితీయోపదేశకాండము 28వ అధ్యాయం 13వ వచనం. నువ్వు తలవవుతావే గాని తోకవు కావు అనే వాగ్దానం. వరసగా మూడో ఏడాది.

పక్కన కూర్చున్న బియ్యం కొట్టు అన్నకూ అదే వచ్చింది. ముందు వరసలో టీచరమ్మకూ అదే. ఆమె పక్కన, మొన్ననే బాప్తిస్మం తీసుకున్న ఆటో డ్రైవరుకూ అదే. రావణాసురుడికి పదే తలలు. మా సంఘానికి ఆ రాత్రికి ఎన్ని మొలిచాయో లెక్క తెలియలేదు. అంతా తలలే అయితే మరి తోక ఎవరు? పక్క వీధి సంఘం వాళ్ళా? వాళ్ళూ అదే షాపులో కార్డులు కొన్నారట, విచారించాను.

ఇంటికొచ్చి బైబిలు తీశాను. కార్డులో చూసిన వచనాన్ని బైబిల్లో చూడటం మాలో అంత ఆనవాయితీ కాదు, నిద్ర పట్టక తీశాను. ఆ అధ్యాయంలో 68 వచనాలున్నాయి. దీవెనలు మొదటి 14. మిగతా 54 శాపాలు. 13లో తల అని చెప్పిన మోషే, 44కి వచ్చేసరికి పరదేశి తల అవుతాడు, నువ్వు తోకవవుతావు అని అదే పోలికను తిరగేసి కొడతాడు. ఎందుకంటే, మాట వినలేదు కాబట్టి. తలా తోకా తేలేది పళ్ళెంలో కాదు, చెవిలో అన్నమాట. మరి 44వ వచనంతో కార్డు ఎందుకు వెయ్యరని షాపు కుర్రాణ్ణి అడిగాను. ‘‘అమ్ముడు పోవు అంకుల్’’ అన్నాడు. బైబిలు కాలేజీలో నాలుగేళ్ళు చదివినా ఇంత సూటిగా చెప్పేవాడు దొరకడు.

ఈ కార్డుల మీద నాకు పగేం లేదు. వాటికి మంచి వంశమే ఉంది. జర్మనీలో హెర్న్‌హుట్ అనే పల్లెలో, మొరావియా నుంచి పారిపోయి వచ్చిన శరణార్థులకు జింజెన్‌డార్ఫ్ ప్రభువు చోటిచ్చాడు. 1728 మేలో ఆయన మర్నాటికి పనికొచ్చే ఒక మాటను సంఘానికిచ్చాడు. అది రోజుకో మాట చొప్పున ఇంటింటికీ మోసుకెళ్ళే అలవాటైంది. 1731లో పుస్తకంగా అచ్చయింది. ఈనాటికీ ఏటా వస్తోంది. గమనించండి, రోజుకో మాట. ఇవాళ్టి మాట ఇవాళ వినాలి, రేపు మళ్ళీ చెవి ఒగ్గాలి. మనవాళ్ళు దాన్ని సెల్‌ఫోన్ రీఛార్జిలా ఏడాదికొక్కసారి వేయించుకునే ప్లాను చేసుకున్నారు. జనవరి ఒకటిన ఫ్రిజ్ మీద అంటించాక మళ్ళీ డిసెంబరు దాకా దేవుడు నోరెత్తనక్కర లేదు.

తల కార్డు తర్వాత బాగా చెల్లేది యిర్మీయా 29:11. దేవుడు మీ గురించి ఆలోచిస్తున్నది మేలే గాని కీడు కాదన్న వచనం. గృహప్రవేశం పత్రిక మీద అదే, క్యాలెండరు మీద అదే, కారు వెనక అద్దం మీద అదే. ఆ వచనానికి ఒక అన్నగారున్నాడు, పదో వచనం. ఆయన్ని ఎవరూ ఫొటోలోకి రానివ్వరు. పదో వచనం చెప్పేది, ఆ మేలు 70 ఏళ్ళయ్యాక అని. బబులోనుకు చెరపట్టుకుపోయిన వాళ్ళకు యిర్మీయా రాసిన ఉత్తరం అది. అక్కడే ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లల పెళ్ళిళ్ళు చెయ్యండి, మిమ్మల్ని చెరపట్టిన ఊరి క్షేమం కోసం ప్రార్థన చెయ్యండి అని రాశాడు. ఉత్తరం అందుకున్నవాడికి ముప్ఫై ఏళ్ళుంటే, ఆ మేలు చూడటానికి నూరేళ్ళు బతకాలి. అలాంటి కార్డు ఫ్రిజ్ మీద అంటించుకుంటారా?

అంతకు ముందు అధ్యాయంలోనే గిబియోను వాడు హనన్యా ఉన్నాడు. ఆయన దేవుని మందిరంలో, యాజకుల ముందు, ప్రజలందరి ముందు, రెండేళ్ళలో అంతా తిరిగొచ్చేస్తారని ప్రకటించాడు. యిర్మీయా మెడ మీద కాడి తీసి విరగ్గొట్టి మరీ చూపించాడు. ఎంత దృశ్యం! పాపం యిర్మీయా కూడా ‘అలాగే జరిగితే బాగుండును’ అన్నాడు. జరగలేదు. ఆ ఏడే, ఏడో నెలలో, హనన్యా చచ్చిపోయాడు. ఇవాళ పుట్టి ఉంటే ఆయనకి రెండు యూట్యూబ్ ఛానళ్ళు, ఒక టీవీ స్లాటు, విజయవాడలో ఒక కన్వెన్షన్ హాలు ఉండేవి. యిర్మీయాకి బురదగుంట ఉండేది. అప్పుడూ అదే ఉంది.

మా టౌనులో మొన్న ఫిబ్రవరిలో ‘దేవుని స్వరమును వినుట ఎలా?’ అని మూడు రోజులు ప్రత్యేక కూటాలు పెట్టారు. బస్టాండు నుంచి మార్కెట్ యార్డు దాకా ఫ్లెక్సీలు. ప్రసంగీకుడి బొమ్మ ఎనిమిదడుగులు, యేసుప్రభువు బొమ్మ ఒక మూల, పాస్‌పోర్ట్ సైజుకు కాస్త ఎక్కువ. వేదికకు అటు ఎనిమిది, ఇటు ఎనిమిది సౌండ్ బాక్సులు. పాట మొదలయ్యేసరికి నా చాతీలో గుండె తాళం తప్పింది. పక్కన ముసలామె చెవుల్లో దూది పెట్టుకుని చేతులు పైకెత్తి ఆరాధిస్తోంది. దేవుని స్వరం వినడానికి చెవుల్లో దూది పెట్టుకోవలసి రావడం ఎంత చోద్యమో ఆమెకు తట్టలేదు. నాకూ రెండో రోజు గానీ తట్టలేదు.

ఏలీయా హోరేబు కొండ మీద నిలబడ్డప్పుడు పెనుగాలి వచ్చింది, భూకంపం వచ్చింది, అగ్ని వచ్చింది. వాటిలో దేవుడు లేడు. తర్వాత వచ్చిన మెల్లని స్వరంలో ఉన్నాడు. ఈ కథ చెప్పని కూటం లేదు, పదహారు బాక్సుల్లోంచి చెబుతారు. అయితే ఆ స్వరం ఏమని పలికిందో అక్కడ ఆగరు. నువ్విక్కడేం చేస్తున్నావని అడిగింది. ప్రాణభయంతో పారిపోయి గుహలో దూరిన మనిషిని ఓదార్చలేదు, తల చేస్తాననలేదు. ప్రశ్న వేసి, వచ్చిన దారినే తిరిగి పొమ్మంది. చెయ్యకుండా వదిలేసి వచ్చిన పని వెనకాల ఉంది మరి.

మూడో రోజు రాత్రి ప్రవచనాలు. ప్రసంగీకుడు కళ్ళు మూసుకుని మైకు నోటికి ఆనించి, ‘‘ఈ సభలో నడుము నొప్పితో బాధపడుతున్న ఒక సహోదరి ఉంది, ప్రభువు నాకు చూపిస్తున్నాడు’’ అన్నాడు. మిరపకోతల నెల అది. పొద్దున ఆరింటికి వంగి సాయంత్రం దాకా లేవని ఆడవాళ్ళు అయిదారొందల మంది మైదానంలో కూర్చున్నారు. నడుము నొప్పి లేని సహోదరిని చూపించి ఉంటే అద్భుతం అనేవాణ్ణి. ‘‘అప్పుల బాధలో ఉన్న ఒక కుటుంబం ఉంది’’ అన్నాడు. ఒక్కటేనా నాయనా! ‘‘వీసా కోసం ఎదురుచూస్తున్న యౌవనుడు’’ అన్నాడు. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఏ సభలో రాయి విసిరినా అలాంటివాడికి తగులుతుంది.

నేను ఎదురుచూసిన ప్రవచనం రాలేదు. ఆ ఆడవాళ్ళకు కోత కూలీ మూడు వారాలుగా బాకీ పెట్టిన రైతు ముందు వరసలో కుషన్ కుర్చీలో కూర్చున్నాడు, మెడలో శాలువాతో. కూటాలకు భోజనాలు ఆయనవే. ప్రభువు ఎవరి నడుము నొప్పో చూపించాడు గాని, ఆ నడుముకు రావలసిన డబ్బు ఎవరి జేబులో ఉందో చూపించలేదు. చూపించాడేమో, ప్రసంగీకుడు కళ్ళు మూసుకుని ఉన్నాడు కదా. పూర్వం నాతాను అనే ప్రవక్త ఉండేవాడు. గొర్రెపిల్ల కథ ఒకటి చెప్పి, ఆ దొంగవి నువ్వేనని దావీదు రాజు మొహం మీదే అనేశాడు. ఆయనకు మా టౌనులో భోజనాలు ఎవరూ పెట్టరు.

సమూయేలు సంగతీ అంతే. రాత్రిపూట పేరు పెట్టి పిలిస్తే లేచి పరిగెత్తిన ఆ చిన్నపిల్లవాడి కథ మా ఆదివారపు బడిలో ప్రతి ఏడాదీ వేస్తారు. తెల్లని అంగీ, చిన్న దీపం, చప్పట్లు, తెర. పిలుపు దగ్గర తెర పడిపోతుంది. ఆ రాత్రి దేవుడు ఆ పిల్లవాడితో అన్నది, నిన్ను పెంచుతున్న ఏలీ ఇంటికి శిక్ష తప్పదని. కొడుకులు బలి మాంసం కొల్లగొడుతుంటే తండ్రి ఊరుకున్నాడు కాబట్టి. పిల్లవాడు తెల్లారేదాకా పడుకుని, చెప్పడానికి భయపడ్డాడు. అయ్యగారి ఇంట్లో తిని అయ్యగారి మీద సందేశం మొయ్యాలి. అది నాటకంలో పెడితే వచ్చే ఏడాది నాటకం ఉండదు.

అహాబు రాజు దగ్గర నాలుగు వందల మంది ప్రవక్తలుండేవారు. రామోత్గిలాదు మీదికి యుద్ధానికి వెళ్ళనా అంటే నాలుగు వందల నోళ్ళూ వెళ్ళమన్నాయి. సిద్కియా అనేవాడైతే ఇనుప కొమ్ములు చేయించుకొచ్చి, వీటితో పొడుస్తావని ఆడి చూపించాడు. పొరుగు రాజు యెహోషాపాతుకు మాత్రం ఎక్కడో అనుమానం. ఇంకెవరూ లేరా అన్నాడు. ఉన్నాడొకడు మీకాయా, వాడంటే నాకు గిట్టదు, నా గురించి ఒక్క మంచి మాట చెప్పడు అన్నాడు అహాబు. ఈ ఒక్క వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగిపోతాను. అహాబుకు దేవుని స్వరం ఎక్కడ దొరుకుతుందో తెలియక కాదు. పేరుతో సహా తెలుసు, ఇంటి దారితో సహా తెలుసు. పిలవకపోవడమే ఆయన భక్తి.

మీకాయా వచ్చి, ముందు ఆ నాలుగు వందల మంది అన్నమాటే అప్పజెప్పాడు. వెళ్ళు, గెలుస్తావు. వెటకారమని రాజుకు వెంటనే అర్థమైంది. నిజం చెప్పు అని గద్దించాడు. నిజం చెబితే చెంపదెబ్బ, ఆపైన జైలు. అహాబు వేషం మార్చుకుని యుద్ధానికి వెళ్ళాడు. గురి చూడకుండా ఎవడో వేసిన బాణం కవచం అతుకులో దిగింది. వ్యంగ్యం రాయాలని నాలాంటివాడు తంటాలు పడతాడు గానీ, రాజుల మొదటి గ్రంథం 22వ అధ్యాయం ముందు మా కలాలు ఎందుకూ పనికిరావు.

మనందరికీ ఒక్కో మీకాయా ఉన్నాడు. ఫోన్‌లో పేరు సేవ్ చేసి ఉంటుంది. కాల్ చెయ్యం.

ఇప్పుడు పెళ్ళిళ్ళ దగ్గరికి వద్దాం, ఎందుకంటే క్రైస్తవ కుటుంబాల్లో దేవుని చిత్తం ఎక్కువగా తిరిగేది ఆ గుమ్మాల్లోనే. ‘రక్షణ పొందిన, ఆత్మీయుడైన వరుడు కావలెను’ అని రాసి, దాని కిందే కులం, ఉపకులం, జీతం, ఎత్తు. రెడ్డి క్రిస్టియన్, కమ్మ క్రిస్టియన్, మాల క్రిస్టియన్, మాదిగ క్రిస్టియన్. పరలోకంలో ఏ కాలమ్ ఎవరికో దేవదూతలు ఇంకా వర్గీకరణ పూర్తి చేసినట్టు లేదు. మాకు తెలిసిన కుటుంబం ఒకటుంది. నిజంగా భక్తిపరులు, వారానికి రెండు రోజులు ఉపవాసం. వాళ్ళమ్మాయికి ఓ సంబంధం వచ్చింది. అబ్బాయి చదువరి, నెమ్మదస్తుడు, జైలు పరిచర్యకు వెళ్ళి వస్తాడు. ఒకటే తక్కువ, పక్క పల్లె మందిరం వాడు. ‘‘ప్రార్థనలో పెట్టి చెబుతాం అన్నయ్యా’’ అన్నారు. మూడు వారాలు పెట్టారు. ‘‘ప్రభువు నడిపింపు లేదండీ’’ అని వచ్చింది జవాబు. తర్వాతి నెల డల్లాస్ నుంచి తమ కులం సంబంధం వచ్చింది. టీ చల్లారకముందే నడిపింపు వచ్చింది.

అంత వేగంగా కులం పసిగట్టే పరిశుద్ధాత్మ మన ఊరి కరణం దగ్గర శిష్యరికం చేశాడా అని అనుమానం వస్తుంది నాకు. ఎంతమంది ప్రార్థించినా, ఎన్ని పూటలు ఉపవాసమున్నా, ఒక్కసారంటే ఒక్కసారి ఆయన ఊరికి అవతలి వైపు వేలు చూపించడేం? మాలపల్లె మందిరం గంటకీ మాదిగపల్లె మందిరం గంటకీ మధ్య వంద గజాలు ఉంటుంది. ఆ వంద గజాలు దాటమని దేవుడు ఎవరికీ కలలో కూడా చెప్పలేదు. అమెరికా వెళ్ళమని మాత్రం ఇంటికొకరికి చెప్పాడు.

ఈ మాటలు నేను కోపంలో అంటున్నానని తెలుసు. మా ఒంగోలు గుర్తొచ్చినప్పుడల్లా ఈ కోపం వస్తుంది.

1854 జనవరి 1, తెల్లవారుజామున, ఒంగోలు కొండ మీద అయిదుగురు మోకరించారు. మిషనరీ జూయెట్ దొర, దొరసాని, ముగ్గురు తెలుగు క్రైస్తవులు. కొత్త సంవత్సరమే. పళ్ళెం లేదు, కార్డు లేదు. అమెరికాలో మిషన్ పెద్దలు ఈ తెలుగు మిషన్‌ను మూసేద్దామా అని అప్పటికే మల్లగుల్లాలు పడుతున్నారు. ఆ అయిదుగురూ ఒంగోలుకు ఒక మిషనరీ కావాలని అడిగారు. ఆ మనిషి, జాన్ క్లౌ, ఒంగోలుకు వచ్చి దిగింది 1866లో. పన్నెండేళ్ళు. అడిగిన కొండ మీది నుంచి చూస్తూ కూర్చోవడమే వాళ్ళకొచ్చిన జవాబు.

క్లౌ వచ్చాక బడి పెట్టాడు. ఊళ్ళో పెద్దకులాల పిల్లలొచ్చారు, పెద్దల ఆదరణ వచ్చింది. అంతలో ఎర్రగుంట్ల పేరయ్య వంటి మాదిగ విశ్వాసుల వెంట పల్లెల నుంచి జనం వచ్చారు. పెద్దలు కబురు చెప్పారు: వాళ్ళను చేర్చుకుంటే మా పిల్లలు రారు, మేమూ రాము. ఎంత తెలివిగల మిషనరీకైనా ఇది చిక్కే. ఊరి పెద్దలు పక్కనుంటే ఊరంతా వస్తుందన్నది అప్పటి లెక్క. క్లౌ తన గదిలోకి వెళ్ళి అక్కడున్న ఒక బైబిలు తీస్తే, కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక మొదటి అధ్యాయం 26వ వచనం దగ్గర తెరుచుకుంది. లోకం తీసిపారేసిన వాళ్ళనే దేవుడు ఏరుకున్నాడనే చోటు. అదే సమయంలో ఇంకో గదిలో ఆయన భార్యకూ అదే చోటు తెరుచుకుంది. ఇద్దరూ ఒకరికొకరు చెప్పుకుని తెల్లబోయారు. బైబిలు తెరిచి వేలు పెట్టడం మనమూ చేస్తాం. ఫరకల్లా, మనం నచ్చిన పేజీ వచ్చేదాకా మూసి తెరుస్తాం.

వాళ్ళు మూసి మళ్ళీ తెరవలేదు. పెద్దలకు కాదని చెప్పారు. బడి ఖాళీ అయింది. నడిపింపు విన్నవాడికి అందిన మొదటి ఫలితం, ఖాళీ బెంచీలు.

దాని తర్వాతి కథ అందరూ చెప్పుకునేదే. 1876లో మొదలైన కరువులో క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో మూడున్నర మైళ్ళ కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్ళకు పని పెట్టాడు. బాప్తిస్మం ఇమ్మని వేలమంది వస్తే ఇవ్వనన్నాడు. తిండి కోసం వచ్చారో, విశ్వాసంతో వచ్చారో తేలాలి కదా. ఏడాదికి పైగా ఆపేశాడు. చేతిలో ధాన్యం, ఎదురుగా జనం, మిషన్ ఆఫీసుకు పంపాల్సిన లెక్కల కాగితం ఉండి కూడా ‘ఇప్పుడు కాదు’ అన్న మాట విన్నవాడు ఆయన. పనులు ముగిశాక, 1878 జూలై 3న, గుండ్లకమ్మలో వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజున 2,222 మందికి బాప్తిస్మాలు జరిగాయి. ఆ అంకె మన ఫ్లెక్సీల మీద కనిపిస్తుంది, శతాబ్ది ఉత్సవాల ఆర్చీల మీద కనిపిస్తుంది. ఏడాదికి పైగా ఆగిన అంకె ఏ ఆర్చీ మీదా లేదు. ఆగడానికి ఆర్చీ ఎవరు కడతారు?

ఆ మాదిగ విశ్వాసుల మునిమనవలమే మనలో చాలామందిమి. ఆ రోజు క్లౌ దంపతులు ఇంకో పేజీ తిప్పి ఉంటే మన ఇళ్ళలో బైబిలే ఉండేది కాదు. అలాంటి మనం ‘నడిపింపు లేదండీ’ అని పక్క పల్లె పిల్లవాడిని తిప్పి పంపిస్తున్నాం. ఇంతకంటే వ్యంగ్యం నేను రాయలేను.

జక్కయ్య కథ కూడా ఇలాగే సగంలో ఆపాం. చెట్టెక్కడం వరకు పిల్లలతో చేతులాడించి పాడిస్తాం. చెట్టు దిగాక ఆయన చేసిన లెక్క, అంటే సగం ఆస్తి బీదలకు, మోసంతో తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇవ్వడం, దానికి పాట కట్టలేదు. చేతులాడించడానికి వీలుగా ఉండదేమో. జేబులో పెట్టాలి కదా.

నేనేదో ఎత్తున కూర్చుని రాళ్ళు వేస్తున్నానని అనుకోకండి. నా సంగతీ చెబుతాను. ఆరేళ్ళ కింద మా పెద్దమ్మాయి కాలేజీ ఫీజుకు మా తమ్ముడి దగ్గర ఎనభై వేలు తీసుకున్నాను. తమ్ముడు ఊళ్ళో మోటార్లు బాగుచేస్తాడు. సంవత్సరంలో ఇస్తానన్నాను. ఆ తర్వాత నాకు ఒక ప్రేరేపణ కలిగింది: ఆ డబ్బు స్థలానికి అడ్వాన్సు కట్టమని. ప్రార్థించే కట్టాను. స్థలం ధర పెరిగింది. మందిరంలో లేచి సాక్ష్యం చెప్పాను, ‘‘దేవుడు నా చెయ్యి పట్టుకుని నడిపించాడు’’ అని. అందరూ స్తోత్రం అన్నారు. వెనక వరసలో మా తమ్ముడు కూడా ఉన్నాడు. స్తోత్రం అనలేదు. వాడి ఆత్మీయ స్థితి ఏం బాగా లేదని ఇంటికొచ్చి మా ఆవిడతో అన్నాను.

మా ఆవిడ అప్పుడేం అనలేదు. మొన్న డిసెంబర్ 31 రాత్రి, నా చేతిలో మూడో తల కార్డు చూసి అంది. ‘‘ఏమండీ, మత్తయి 5వ అధ్యాయం 23, 24 వచనాల కార్డు ఎవరికైనా వచ్చిందా?’’ నీ మీద నీ సహోదరుడికి ఏదైనా ఉందని గుర్తొస్తే, కానుక బలిపీఠం ముందే వదిలి, ముందు వెళ్ళి సమాధానపడి రా అన్న చోటు అది. బల్ల ముందు కానుక వేసి అప్పుడే వచ్చాను నేను. నాకు మండింది. నువ్వు నాకు వాక్యం చెప్పేదానివయ్యావా అన్నాను. ఆవిడ స్టవ్ మీద పాలు చూసుకుంటూ, తిరగకుండానే అంది: ‘‘బిలాముకు గాడిద చేత చెప్పించలా? నేను దానికంటే తీసిపోయానా?’’

ఆరేళ్ళుగా దేవుడు నాతో మాట్లాడాలని మూడు రకాల వాగ్దాన క్యాలెండర్లు కొన్నాను, రెండు యాప్‌లు వేసుకున్నాను, పొద్దున ఆరింటికి వాట్సాప్‌లో వాగ్దానం వచ్చే నాలుగు గ్రూపుల్లో చేరాను, ఏటా రెండు కూటాలకు వెళ్ళాను, ఒకసారి తలకు నూనె కూడా రాయించుకున్నాను. ఇదంతా ఎందుకో ఆ రాత్రి అర్థమైంది. వంటింట్లోంచి వచ్చే ఆ మాట వినబడకుండా ఉండటానికి. అదేం కొత్త దర్శనం కాదు. ఆరేళ్ళుగా నాకు తెలిసిన మాటే. అహాబుకు మీకాయా ఇల్లు తెలిసినట్టే.

జనవరి 2న బ్యాంకు తీశాక డబ్బు తీశాను. తమ్ముడికి ఫోన్ చేశాను. మూడు రింగులయ్యాక ఎత్తాడు.

‘‘ఎవరండీ?’’ అన్నాడు. నా నంబరు తీసేసినట్టున్నాడు.